ఉత్తుత్తి గుండెపోటులో అసలుది

ఆ రోజు ఉదయం మెట్లు ఎక్కుతుంటే దవడ లాగింది. ఛాతీ కాదు, చెయ్యి కాదు, దవడ. ఎడమవైపు కింది పళ్ల దగ్గర మొదలై చెవి కిందికి పాకింది. మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకున్నాను. పన్ను పోటు అనుకున్నాను. కాస్త ఊపిరి పీల్చుకునేసరికి తగ్గింది. ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి మళ్లీ ఎక్కాను.

అది మచిలీపట్నంలో మా వీధికి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రి. గుండెపోటు రావాలంటే అంతకంటే మంచి చోటు ఉండదు. కానీ నేను ఆ మెట్లెక్కింది చూపించుకోవడానికి కాదు. గుండెపోటు వచ్చినట్టు నటించడానికి.

నేను కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. వయసులో ఉండగా నాటకాలు వేసేవాణ్ణి. చచ్చిపోయే వేషాలు నాకే ఇచ్చేవారు. బందరు నుంచి దివిసీమ చివరిదాకా నేను చావని స్టేజీ లేదు. నేను ప్రాణం విడుస్తుంటే ఆడవాళ్లు సొమ్మసిల్లేవారు. సరే, చచ్చింది నాలుగు నాటకాల్లో. అందులో ఒక చావు తెర వెనకాల, కేక ఒక్కటే నాది. సొమ్మసిల్లింది ఒకావిడ, ఆవిడకి ఆ రోజు ఉపవాసం. నేను ఏం చెప్పినా మొదట కాస్త పొంగుతుంది, తర్వాత నేనే దించుతాను. ఈ గుణం వల్ల ప్రాణం మీదకి వచ్చింది కాబట్టి, ఇక్కడ ఎక్కడ పొంగించినా అక్కడికక్కడే దించేస్తాను. చదివేవాళ్లు నమ్మవచ్చు.

మా ఎదురింట్లో నాగమణి అనే అమ్మాయి ఉంటుంది. ఆ ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఇన్‌ఛార్జి సిస్టరు. కోడూరు వైపు అమ్మాయి, వాళ్లది సముద్రం మీద వేటకి వెళ్లే కుటుంబం. అంతకు ముందు రోజు సాయంత్రం గేటు దగ్గర నిలబడి అడిగింది.

"బాబాయ్ గారూ, రేపు మా స్టాఫ్‌కి ట్రైనింగ్. నిప్పంటుకుంటే పేషెంట్లని ఎలా దించాలి, సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలి, గుండె ఆగితే ఏం చెయ్యాలి, అన్నీ చేయించి చూపిస్తారంట. పేషెంటుగా పడుకోడానికి ఒక మనిషి కావాలి. వస్తారా?"

"ఏం జబ్బు?"

"గుండెపోటు."

"బతకాలా, పోవాలా?"

"మా చేతుల్లో పడ్డాక మీ ఇష్టం ఏముంది, వచ్చెయ్యండి" అంది.

దవడ సంగతి నేను ఆమెకి చెప్పలేదు. అంతకు ముందు వారం కూరగాయల సంచీ మోస్తూ వస్తుంటే ఒకసారి, పంపు దగ్గర బిందె ఎత్తుతుంటే ఒకసారి అలాగే లాగింది. అదీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చిత్రం ఏమిటంటే, తుమ్ము వస్తే న్యుమోనియా అని వీధంతా చెప్పే నేను, దీని గురించి మాత్రం నోరెత్తలేదు. ఇప్పుడు తెలుస్తోంది, అది భయం. నిజంగా భయమేసిన సంగతిని నేను పొంగించలేను.

ట్రైనింగ్ ఇవ్వడానికి బయటినుంచి ఒక డాక్టరు గారు వచ్చారు. సన్నగా, కళ్లద్దాలతో ఉన్నారు. మాట మెత్తన. ముందుగా ఒక షరతు పెట్టారు. "ఈరోజు మనం చేసేదంతా ఉత్తుత్తిది. మధ్యలో ఎవరికైనా నిజంగా దెబ్బ తగిలినా, ఒంట్లో బాగోకపోయినా 'నిజంగా' అనండి. ఆ మాట వినబడితే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. ఆ మాటతో ఆటలాడొద్దు."

నాగమణి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

పొద్దున అంతా నిప్పు గురించి, సూదుల గురించి చెప్పారు. నిప్పంటుకుంటే లిఫ్ట్ వాడకూడదని దాన్ని నిజంగానే ఆపించేశారు. దుప్పటిలో మనిషిని పడుకోబెట్టి నాలుగు మూలలూ చుట్టి పట్టుకుని మెట్ల మీదుగా ఎలా దించాలో చేయించారు. సూది దగ్గర డాక్టరు గారు ఒక మాట అన్నారు, అది నాకు నచ్చింది. "మన ఇళ్లలో చిన్నప్పట్నుంచీ ఒకటే పాట, గిన్నె తీస్తే మూత పెట్టు, సీసా తీస్తే మూత పెట్టు. ఆ అలవాటుతోనే వాడిన సూదికి కూడా మూత పెట్టబోయి వేలికి గుచ్చుకుంటారు. ఇక్కడ మాత్రం అమ్మ మాట వినకండి. సూది నేరుగా డబ్బాలోకి పోవాలి."

తర్వాత నా మొదటి వేషం. పేషెంటు తాలూకు బంధువు గొడవకి వస్తే స్టాఫ్ తమని తాము ఎలా కాపాడుకోవాలి అన్నది. బంధువుని నేను. "మావాడికేమన్నా అయిందో, బిల్డింగు ఉండదు" అని బల్ల గుద్దాను. సెక్యూరిటీ అబ్బాయి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు కొంటెతనం పుట్టింది. "నిజంగా, నిజంగా, చెయ్యి విరిగింది" అని కూలబడ్డాను.

హాలంతా ఆగిపోయింది. ఒక సిస్టరు కట్టు కట్టడానికి చెక్క పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. సెక్యూరిటీ అబ్బాయి ముఖం పాలిపోయింది. అప్పుడు నేను ఆ చేత్తోనే అందరికీ నమస్కారం పెట్టాను. అందరూ నవ్వారు. డాక్టరు గారు నవ్వలేదు.

"ఆ మాట మీరు వాడేశారండీ. మళ్లీ అవసరమైతే ఏం చేస్తారు?" అన్నారు.

"ఇంకో మాట చూసుకుంటాలెండి" అన్నాను. మళ్లీ నవ్వారు.

భోజనాలకి ముందు ఇంకొకటి. మనిషి పడిపోతే స్పృహ ఉందో లేదో చూడాలి. నేను నేల మీద పడుకున్నాను. ఒక్కొక్కరూ వచ్చి నన్ను లేపాలి. వచ్చినవాళ్లు వచ్చినట్టు నా చెవి దగ్గర "బాబాయ్ గారూ, బాబాయ్ గారూ" అంటున్నారు, పెళ్లికి పిలవడానికి వచ్చినట్టు. డాక్టరు గారికి ఓపిక నశించింది. "భుజాల మీద గట్టిగా తట్టండి. పేరు పెట్టి అరవండి. 'గారు' లేచాక పెట్టుకోవచ్చు."

"మా ఎదురింటాయనండీ. నోరు రావట్లేదు" అంది నాగమణి.

"నోరు రావాలి సిస్టర్" అన్నారాయన.

పులిహోర పొట్లాలు తిన్నాక అసలు వేషం. నన్ను మంచం మీద పడుకోబెట్టారు. నేను ఛాతీ పట్టుకుని గోల చెయ్యాలి, కాసేపటికి స్పృహ తప్పాలి. స్పృహ తప్పగానే నన్ను దించి, నా బదులు ఒక రబ్బరు బొమ్మని పడుకోబెట్టి దాని ఛాతీ నొక్కుతారు.

నేను అరిచాను. గోడలు అదిరాయి. గోడలు అదరలేదుగానీ, పక్క గదిలో ఎవరో తలుపు తీసి చూశారు. మంచం మీద పొర్లాను, చెయ్యి గాల్లోకి చాచాను, నా పిల్లల్ని పిలవమన్నాను. నాకు పిల్లలు లేరు. ఏసీ చల్లగా ఉంది. అంతా బాగా నడుస్తోంది.

అప్పుడు వచ్చింది.

ముందు దవడ. తర్వాత ఛాతీ మధ్యలో ఒక బరువు. తడిసిన వడ్ల బస్తా తెచ్చి మెల్లగా దించినట్టు. నేను అరిచిన నొప్పితో పోలిస్తే ఇది చాలా నెమ్మది నొప్పి. దానికి తొందర లేదు. కాళ్లు చల్లబడ్డాయి. నా గొంతు దానంతట అదే ఆగిపోయింది. నేను చచ్చిపోతానేమో అనిపించలేదు. చచ్చిపోతున్నాను అనిపించింది. ఆ రెండిటికీ ఎంత తేడానో అప్పుడే తెలిసింది.

"చూశారా, ఎంత బాగా చేస్తున్నారో. ఇప్పుడు స్పృహ తప్పుతున్నారు" అంటున్నారు డాక్టరు గారు, అవతల నిలబడి.

నేను "నిజంగా" అన్నాను.

హాలంతా ఒకటే నవ్వు.

మళ్లీ అన్నాను. ఈసారి మాట సగమే వచ్చింది. ఇంకెవరో నవ్వారు. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. చుట్టూ ఇరవైమంది నర్సులు, ఇద్దరు డాక్టర్లు, గుండెపోటు గురించి నేర్చుకోడానికే వచ్చినవాళ్లు, నా వైపే చూస్తున్నారు. నా దగ్గర వాళ్లకి చెప్పడానికి మాట లేదు. ఇరవైమంది అన్నాను. పన్నెండుమంది ఉంటారు. భయంలో ఎక్కువ కనిపించారు.

నాగమణి బొమ్మని చంకలో పెట్టుకుని వచ్చింది. "లెగండి బాబాయ్ గారూ, మీ పాత్ర అయిపోయింది, బొమ్మని పడుకోబెట్టాలి" అంటూ నా మెడ కింద చెయ్యి పెట్టింది. పెట్టి, తీసి, తన చెయ్యి చూసుకుంది. చెయ్యంతా తడి. చొక్కా వీపు మీద చెయ్యి పెట్టింది. బొమ్మని నేల మీద పడేసింది.

"సార్, చెమట. ఒళ్లంతా చెమట. ఇది నటన కాదు."

డాక్టరు గారు నాలుగడుగుల్లో వచ్చి మణికట్టు పట్టుకున్నారు. నా ముఖంలోకి చూశారు. "నిజంగా" అన్నారు, గట్టిగా. ఆయన నోట ఆ మాట వినగానే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. నా మాటకి ఆయన గొంతు అరువిచ్చినట్టు అయింది.

కానీ గది మొత్తం ఉత్తుత్తి సామానే. అక్కడున్న మందుల ట్రేలో సీసాలు ఖాళీవి. షాక్ ఇచ్చే మిషను నేర్పడానికి వాడేది, అందులో కరెంటు రాదు. ఒక చిన్నమ్మాయి కంగారులో ఆ ట్రేలోంచే ఆస్ప్రిన్ అని రాసున్న మాత్ర తీసి నా నోట్లో వేసేసింది. వేసెయ్యలేదు, పెదాల దాకా తెచ్చింది. నాగమణి ఆ చేతి మీద కొట్టింది.

"అది పిప్పరమెంటు. అసలు మందులు కింద ఉన్నాయి."

కిందికి దించాలంటే లిఫ్ట్ లేదు. పొద్దున ఆపింది మళ్లీ వెయ్యలేదు. దుప్పటి తెచ్చారు. పొద్దున నేర్చుకున్నట్టే నాలుగు మూలలూ చుట్టి పట్టుకున్నారు. మెట్లు దిగేటప్పుడు తల పైకి ఉండాలి కాబట్టి కాళ్లు ముందుకి పెట్టి దించాలట. నాకు అదంతా ఏం తెలుసు. కాళ్లు ముందు పెట్టి తీసుకెళ్లేది ఎవరినో మన ఊళ్లో అందరికీ తెలుసు. "తల ముందు పెట్టండమ్మా" అని బతిమాలాను. గొంతు రాలేదు. సీలింగు మీద ట్యూబులైట్లు ఒక్కొక్కటిగా నా మీదుగా వెళ్లిపోయాయి.

కింద ఎమర్జెన్సీలో ఈసీజీ తీశారు. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ గారు కాగితం చూస్తూనే "ఎస్టీ ఎలివేషన్. ఇన్ఫీరియర్ వాల్" అన్నారు, అంటే అసలు గుండెపోటేనని. ట్రైనింగ్ డాక్టరు గారు కూడా పక్కనే ఉన్నారు. మాత్రలు నమిలించారు, ఈసారి చేదుగా ఉన్నాయి. ఆ చేదుకి ఎంత సంతోషించానో చెప్పలేను. గుండె దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ పరీక్షకి రక్తం తీసుకున్నారు. మందు పేరు ఒకరు చెప్తే ఇంకొకరు తిరిగి చెప్తున్నారు. "క్లోపిడోగ్రెల్ ఇవ్వు." "క్లోపిడోగ్రెల్ ఇస్తున్నా." "ఇచ్చాను." కోర్టులో మూడుసార్లు పేరు పిలిచినట్టు ఉంది. నా పేరు ఎవరు ఎక్కడికి పిలుస్తున్నారో అనిపించింది.

"బాబాయ్ గారూ, నొప్పి పదిలో ఎంత?" అన్నారు డాక్టరమ్మ గారు.

"పన్నెండు."

"పదిలో అండీ."

"ఎనిమిది" అన్నాను. అది నిజం.

గుండె నరంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలన్నారు. అది ఇస్తే రక్తం పల్చబడుతుంది, ఎక్కడైనా కారే ప్రమాదం ఉంది, అందుకని ముందు కొన్ని ప్రశ్నలు. పక్షవాతం వచ్చిందా, ఆపరేషన్లయ్యాయా, తలకి దెబ్బ తగిలిందా. నా నుదుటి మీద మచ్చ చూసి "ఇదేంటి?" అన్నారు. నా నోరు చూడండి, గుండె ఆగబోతున్నా దాని దారి దానిదే.

"కత్తి దెబ్బ. స్టేజి మీద" అన్నాను.

సిరంజి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "ఎప్పుడు? ఈమధ్యనా?"

నాగమణి అందుకుంది. "కత్తి లేదు, గిత్తి లేదు మేడమ్. చిన్నప్పుడు మంచం మీంచి పడ్డారంట. వాళ్లావిడ చెప్పారు."

"అవునా?" అని నన్నే అడిగారు. "అవునండీ" అన్నాను. ఆ ఇంజెక్షన్ నా అబద్ధం కోసం ఆగిన ఆ కొద్దిసేపటిని నేను ఇప్పటికీ మర్చిపోలేను.

మా ఆవిడ వచ్చింది. ఫోను చేసి "మీ ఆయనకి గుండెపోటు" అని చెప్తే "అవునమ్మా, అందుకే కదా వచ్చారు, బాగా చేశారా?" అని అడిగిందట. మూడోసారి చెప్పాక నమ్మింది. మంచం దగ్గర నా కాలి బొటనవేలు పట్టుకుని నిలబడింది.

గంట దాటాక మళ్లీ ఈసీజీ తీశారు. "ఇప్పుడు నొప్పి ఎంత?"

"ఒకటి" అన్నాను. ఇది పొంగించిన అబద్ధం కాదు, నొక్కేసిన అబద్ధం. తగ్గకపోతే గుడివాడ పంపుతామని అంతకు ముందే అనుకుంటుంటే విన్నాను. అంబులెన్స్ ఎక్కాలంటే వణుకు పుట్టింది. దాన్లో ఎక్కినవాళ్లు దిగడం నేను చూడలేదు.

డాక్టరమ్మ గారు ఈసీజీ కాగితం నా కళ్ల ముందు పెట్టారు. "మీరు ఒకటి అంటున్నారు. ఇది అనట్లేదు. ఇది అబద్ధం ఆడదు బాబాయ్ గారూ."

"ఐదు" అన్నాను. ఏడుపొచ్చింది.

"ఇంజెక్షన్‌తో గడ్డ పూర్తిగా కరగలేదు. వెంటనే యాంజియో చేసి తెరవాలి" అన్నారు.

గుడివాడలో గుండె డాక్టరు గారితో ఫోనులో మాట్లాడి అంబులెన్స్ ఎక్కించారు. నాగమణి డ్యూటీ అయిపోయినా నాతో ఎక్కింది. మా ఆవిడ ముందు సీట్లో కూర్చుంది. ఎక్కగానే నాగమణి నా చొక్కా కత్తిరించి ఛాతీ మీద షాక్ మిషను వైర్లున్న రెండు పెద్ద అతుకులు అంటించింది. "ఎందుకమ్మాయ్?" అంటే "అవసరం రాకపోతే పీకేద్దాం, వెంట్రుకలు ఊడతాయంతే" అంది. వెనక అద్దంలోంచి కోసేసిన వరి చేలు కనిపిస్తున్నాయి. పామర్రు దాటాం. నా గుండె చప్పుడు మిషనులో వినబడుతోంది. ఆ చప్పుళ్లలో ఒకటి తప్పింది. తర్వాత గుంపుగా పడ్డాయి.

"బాబాయ్ గారూ, నా వైపు చూడండి" అంది నాగమణి.

చూద్దామనుకున్నాను. కళ్లు ఎటో పోతున్నాయి.

"కోటేశ్వరరావ్. ఏయ్ కోటేశ్వరరావ్, కళ్లు ముయ్యకు. చూడు ఇటు."

ఎదురింట్లో ఇన్నేళ్లుగా ఉంటున్న పిల్ల. నేను గుమ్మంలో ఉంటే నడిచే వేగం తగ్గించి తలవంచి వెళ్లే పిల్ల. పొద్దున అంతమంది ముందు, చేసి తీరాలని చెప్పినా, చెయ్యలేకపోయింది. ఇప్పుడు ఆ నోట్లోంచి 'గారు' పోయింది. అప్పుడు నాకు అర్థమైంది, నేను పోతున్నానని. ఆఖరుగా నాకు గుర్తున్నది ఆ పేరు, గారు లేని నా పేరు.

అవతల ఏం కనిపించిందని అందరూ అడుగుతారు. మా వీధిలో వాళ్లకి తెల్లటి వెలుగు కనిపించిందని, మా నాన్న చెయ్యి ఊపి వెనక్కి పొమ్మన్నారని చెప్పాను. ఒకావిడ కళ్లు తుడుచుకుంది కూడా. ఏమీ కనిపించలేదు. చీకటి కూడా కాదు, చీకటి అయితే చూశాననైనా ఉంటుంది. మధ్యలో కొంత లేదు, అంతే. ఇవన్నీ అయిపోయి ఇంట్లో కూర్చున్నాక కూడా నన్ను భయపెట్టేది ఆ లేకపోవడమే. అందుకే దాని మీద వెలుగు వేసి చెప్తుంటాను.

షాకులు ఏడు ఇచ్చారని చెప్పుకుంటాను. ఒక్కటే. ఆ ఒక్కటి ఇవ్వడానికి ముందు, ఇచ్చాక నాగమణి నా ఛాతీ నొక్కింది. పక్కటెముకలు రెండు చిట్లాయి. తెలివి వచ్చేసరికి ఛాతీ మీద ఎవరో రోకలితో దంచినట్టు ఉంది. కళ్లెదురుగా ఆమె ముఖం. జుట్టు ఊడిపోయి, చెమటలు కారుతూ. నన్ను తేరిపార చూసింది.

"బాబాయ్ గారూ, వినబడుతోందా?"

గారు తిరిగొచ్చింది. బతికాననుకున్నాను.

గుడివాడలో మణికట్టులోంచి యాంజియో చేశారు. కుడివైపు నరం పూర్తిగా మూసుకుపోయింది. స్టెంట్ వేశారు. బజారులో మూడు స్టెంట్లని చెప్తాను, ఒకటే. స్క్రీను మీద చూపించి గుండె డాక్టరు గారు అన్నారు, "ఇదిగో, ఇప్పుడు రక్తం పోతోంది చూడండి." నేను చూడలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాను.

ఐసీయూలో పక్క మంచం మిషను కూసినప్పుడల్లా అది నాదే అనుకున్నాను. మూడోరోజు ఎకో, అదే గుండె స్కానింగ్, తీశారు. డాక్టరు గారు "ఈఎఫ్ ముప్పై ఐదు" అన్నారు, అంటే గుండె పంపింగ్.

"పాసే కదండీ" అన్నాను.

ఆయన నవ్వి, నవ్వు ఆపి చెప్పారు. "ఇవి పరీక్ష మార్కులు కావు. మంచి గుండెకి అరవై ఉంటుంది. మీది బలహీనపడింది. మందులతో కొంత పుంజుకోవచ్చు. ఉప్పు తగ్గించాలి, ఒక్క మాత్ర మానకూడదు, రోజూ బరువు చూసుకోవాలి."

ఇంటికొచ్చాక భయం ఇంకా పెరిగింది. ఆసుపత్రిలో మిషన్లు ఉన్నాయి, ఇంట్లో గోడ గడియారం తప్ప ఏదీ లేదు. బాత్రూము గడియ పెట్టుకోవడం మానేశాను. తలుపు ఓరగా వేసి లోపల్నుంచి పాటలు పాడేవాణ్ణి. పాట ఆగితే మా ఆవిడ వచ్చి చూడాలి, అదీ ఒప్పందం. స్నానం అయ్యేసరికి గొంతు పోయేది. మణికట్టు మీద వేలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. లెక్క పెడుతుంటే కొట్టుకోవడం పెరిగేది, పెరిగిందని భయమేసి ఇంకా పెరిగేది. ఛాతీలో చిన్న పోటు వస్తే ఆటో ఎక్కి ఎమర్జెన్సీకి వెళ్లిపోయేవాణ్ణి. రెండుసార్లు గ్యాసు. మూడోసారి వెళ్లడానికి సిగ్గేసింది. డాక్టరమ్మ గారు మా ఆవిడకి ఫోనులో చెప్పారట, "ఆయన్ని రమ్మనండి. గ్యాసు అని తేల్చాల్సింది మేము, ఆయన కాదు" అని.

తర్వాత నేను చేసిన వెధవ పని ఒకటి ఉంది. నాగమణి వాళ్లమ్మ కోడూరు నుంచి నన్ను చూడ్డానికి వస్తూ ఉప్పు చేప తెచ్చింది. అది నా కోసం కాదని నాగమణి చెప్తూనే ఉంది. మా ఆవిడ పప్పుచారు కాచింది. పప్పుచారు, ఉప్పు చేప. గుండె ముప్పై ఐదే అయినా నాలుక నూటికి నూరు. రెండు పూటలూ తిన్నాను. మూడోరోజు తెల్లవారుతుండగా పడుకుంటే ఊపిరి ఆడలేదు. లేచి కూర్చుంటే కాస్త నయం. గొంతులో నీళ్ల చప్పుడు. కాళ్లు చూసుకుంటే వేలితో నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది.

మళ్లీ అదే ఎమర్జెన్సీ. "ఊపిరితిత్తుల్లో నీరు చేరింది" అన్నారు డాక్టరమ్మ గారు. మాస్కు పెట్టారు, నీరు పోవడానికి నరానికి ఇంజెక్షన్ ఇచ్చారు. ఊపిరి అందకపోవడం గుండెపోటు కంటే భయంకరం. నొప్పి అయితే కాసేపు ఓర్చుకోవచ్చు, ఊపిరి లేకుండా దేన్ని ఓర్చుకుంటాం.

"ఏం తిన్నారు?"

మాస్కు పక్కకి లాగి చెప్పాను. "ఉప్పు చేప. ఒక్క ముక్క."

ఆవిడ చూస్తూ నిలబడ్డారు.

"నాలుగు" అన్నాను. "రెండు పూటలా."

"ఇప్పుడు మందు ఎంతివ్వాలో నాకు తెలిసింది" అన్నారావిడ. తిట్టలేదు. తిడితే బాగుండేది.

అక్కడ ఉన్న రోజుల్లో నాగమణి చెప్పింది. నా సంగతి జరిగాక ఆసుపత్రిలో కొన్ని మారాయి. ట్రైనింగ్ సామాను ఎర్ర పెట్టెలో పెట్టి తాళం వేస్తున్నారు, పిప్పరమెంట్లు మానేశారు. ట్రైనింగ్ జరిగే హాల్లో ఒక మూల అసలు మందులు, అసలు షాక్ మిషను ఉంచుతున్నారు. నిప్పు డ్రిల్ అయిన వెంటనే లిఫ్ట్ వేస్తున్నారు. పేషెంటుగా పడుకోడానికి వచ్చినవాళ్లకి ముందే బీపీ, ఈసీజీ చూస్తున్నారు. "మీ పుణ్యమా అని" అంది. ఆ మాట నేను పొంగించలేదు, ఆమె అన్నదే.

ఇప్పుడు నా సంగతి. మొన్న ఎకోలో నలభై రెండు వచ్చింది. బాత్రూములో పాట ఒక్క చరణానికి తగ్గింది. పొద్దున్నే బరువు చూసుకుంటాను, మాత్రలు మా ఆవిడ ఎదురుగా వేసుకుంటాను. సాయంత్రం వీధి చివరిదాకా నడుస్తాను. రోజూ నాలుగు కిలోమీటర్లు. వీధి చివరిదాకా. భయం పోలేదు. దవడలో చిన్నది మెదిలినా చెమట పడుతుంది, ఆ చెమట భయానిదా, గుండెదా అని మళ్లీ భయం.

తోటి రోగులకి, వాళ్ల ఇళ్లలో వాళ్లకి నేను చెప్పేది ఒకటే. మీ ఇంట్లో కనీసం ఒకరు ఛాతీ నొక్కడం నేర్చుకోండి. నాకు నర్సు పక్కనుండగా బండిలో గుండె ఆగింది కాబట్టి బతికాను, మీకు వంటింట్లో ఆగవచ్చు. మనిషి పడిపోయి, పిలిచినా తట్టినా పలక్కుండా, ఊపిరి సరిగ్గా తీసుకోకపోతే, ఒకరు అంబులెన్సుకి ఫోను చెయ్యండి, ఒకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా, వేగంగా, ఆపకుండా నొక్కండి. చదివితే రాదు. మీ దగ్గర్లో ఆసుపత్రివాళ్లని అడిగి చేతులతో చేసి నేర్చుకోండి.

మా ఇంట్లో నేర్చుకున్నది మా ఆవిడ. నాగమణి ఆదివారం వచ్చి దిండు మీద నేర్పింది. "గట్టిగా పిన్ని గారూ, ఎముక విరిగినా ఫర్వాలేదు" అంటే "ఎన్నాళ్ల నుంచో చూస్తున్నాను ఇలాంటి మాట కోసం" అంది మా ఆవిడ. మొదటి రోజు చేతులు వణికాయి. ఆ దిండు నేనే అనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇప్పుడు వణకడం లేదు. నేను కుర్చీలో కాస్త ఎక్కువసేపు కళ్లు మూసుకుంటే చాలు, గాజులు పైకి తోసుకుని వచ్చి నిలబడుతుంది. నేను కళ్లు తెరవకుండానే చెప్పేస్తాను, "బాగానే ఉన్నానే, నిద్రపోతున్నాను" అని. అయినా మెడ వెనక చెయ్యి పెట్టి, తడి లేదని చూసుకున్నాకే వెళ్తుంది.